మీరడిగారు: కందకం, క్లోరిన్, కట్టెల మోపు

ప్రశ్న (కల్వకుర్తి నుంచి): మాది మట్టి పని చేసే కుటుంబం. కాలువైనా పునాదైనా తాడు కట్టి సూటిగా తవ్వుతాం. మొదటి ప్రపంచ యుద్ధం ఫొటోల్లో కందకాలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. పనితనం లోపమా?

జవాబు: లోపం కాదు, కావాలనే అలా తవ్వారు. సూటి కందకంలో ఫిరంగి షెల్లు పడితే దాని పెచ్చులు ఈ కొస నుంచి ఆ కొస దాకా దూసుకుపోతాయి. శత్రువు ఒక మూలన దిగి మెషిన్ గన్ పెట్టినా అంతే. అందుకే సుమారు 18 నుంచి 30 అడుగులకోసారి మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలి, కందకాన్ని దాని చుట్టూ తిప్పేవారు. తల దాగాలి కాబట్టి లోతు ఆరేడు అడుగులు. అంత కింది నుంచి కాల్చలేరు గనుక ముందు గోడకు రెండడుగుల ఎత్తున ఒక మెట్టు. బ్రిటిష్ సైన్యం లెక్కలో 450 మంది రాత్రిపూట 6 గంటలు తవ్వితే 250 మీటర్లు తెమిలేది. మనిషికి రెండడుగులు కూడా రాదు!

అసలు కష్టం నీళ్లతో. బెల్జియంలో ఈప్ర్ పట్టణం చుట్టూ బంకమట్టి, రెండు మూడడుగులకే ఊట. వానాకాలం నల్లరేగడిలో గుంత తీసినవాళ్లకు తెలుసు, గోడ అడుగున నాని కూర్చుండిపోతుంది. తవ్వలేని చోట నేల మీదే మట్టి బస్తాల గోడ కట్టారు. బస్తా ముప్పాతికే నింపాలి. నిండా కుక్కితే గుండ్రమై జారుతుంది. పారతో కొట్టి చదును చేసి, ఇటుకల్లా అడ్డం నిలువు మార్చి పేర్చాలి. మూతి, కుట్టు లోపలికి ఉండాలి, లేకుంటే విప్పుకొని మట్టి కారిపోతుంది. కందకం అడుగున తలకిందులైన ఇంగ్లిష్ 'A' ఆకారంలో కొయ్య చట్రం దించి, దాని అడ్డకర్ర మీద పలకలు పరిచేవారు. నీళ్లు కింద పారేవి, కాళ్లు పైన ఉండేవి. రోజుల తరబడి తడిలో నానిన పాదాలు కుళ్లి వేలమంది పనికిరాకుండా పోయారు. అందుకే తుపాకులకు ఇచ్చే చోటు ఈ అడ్డకర్రకూ చరిత్రలో ఇవ్వాలంటాను.

ప్రశ్న (నల్లగొండ నుంచి): మంచినీళ్ల ట్యాంకులో కలిపే క్లోరిన్ ఆయుధం ఎలా అయింది?

జవాబు: మోతాదు తేడా. ట్యాంకులో లీటరుకు మిల్లీగ్రాముల్లో కలుపుతారు. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు ఈప్ర్ దగ్గర సిలిండర్లు తెరిచి సుమారు 150 టన్నులు వదిలారు. అది గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, సరాసరి కందకాల్లోకే దిగింది. అడుగున పడుకున్నవాళ్లు, ఆ మబ్బుతోపాటే వెనక్కి పరుగెత్తినవాళ్లు ఎక్కువ పీల్చారు. మెట్టెక్కి నిలబడ్డవాళ్లకు తక్కువ సోకింది. మొదట తడిగుడ్డే రక్షణ, తర్వాత ఫొటోలు కడిగే హైపోలో, సోడాలో తడిపిన మెత్తలు వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్ 25న ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర గాలి సరిగా లేక బ్రిటిష్ వాళ్ల వాయువు కొన్నిచోట్ల వాళ్ల మీదికే వచ్చింది.

ప్రశ్న (వనపర్తి నుంచి): యుద్ధ ట్యాంకు కందకంలో పడిపోదా?

జవాబు: వెడల్పు ఎక్కువైతే ఇరుక్కునేది. 1917 నవంబర్ 20న ఫ్రాన్స్‌లోని కాంబ్రే దగ్గర బ్రిటిష్ వాళ్లు దానికి విరుగుడు తెచ్చారు. పుల్లల కట్టలు డెబ్బైకి పైగా కలిపి, గొలుసులతో బిగించి, టన్నున్నర దాటిన మోపును ట్యాంకు నెత్తిన పెట్టారు. కందకం అంచున లోపలి నుంచి విడిస్తే ముందుకు దొర్లి గుంతలో పడేది, ట్యాంకు దాని మీదుగా దాటేది. ఒక్కో ట్యాంకుకు ఒకటే మోపు కాబట్టి మూడేసి ట్యాంకులు వంతులు వేసుకున్నాయి. అక్కడి నేల సుద్దనేల, గట్టిది, ముందుగా రోజుల తరబడి షెల్లింగ్ చేసి గుల్ల చేయలేదు. అదే ఏడాది ఈప్ర్ బురదలో దిగబడిన ట్యాంకులు కదలనే లేదు.