టెక్ సందేహాలు: 4 జీబీ ల్యాప్‌టాప్‌లో కోడింగ్ మొదలుపెట్టొచ్చా?

నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్నాయి. పైథాన్ నేర్చుకుందామని విజువల్ స్టూడియో ఇన్‌స్టాల్ చేయబోతే స్థలం చాలదని చూపించింది. కోడింగ్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనక తప్పదా?

అక్కర్లేదు, మీ దగ్గరున్నదే చాలు. మీరు దించబోయింది మీకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ కాదు, అంతే. విజువల్ స్టూడియో వేరు, విజువల్ స్టూడియో కోడ్ వేరు. రెండూ మైక్రోసాఫ్ట్‌వే కావడంతో కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. మొదటిది పెద్ద ప్రాజెక్టులు చేసేవాళ్ల కోసం తయారైన పూర్తిస్థాయి ఐడీఈ, అంటే కోడ్ రాయడం, నడపడం, తప్పులు వెతకడం అన్నీ ఒకేచోట చేసుకునే సాఫ్ట్‌వేర్. మనం ఎంచుకునే భాగాలను బట్టి పదుల జీబీల స్థలం కూడా అడుగుతుంది. అందరూ వీఎస్ కోడ్ అని పిలిచే రెండోది కోడ్ రాసుకునే ఎడిటర్. 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుందని మైక్రోసాఫ్టే చెబుతోంది.

అలాగని ఆ 1 జీబీ లెక్క చూసి ధీమా పడకండి. మీ 4 జీబీలో పెద్ద వాటా ముందే విండోస్‌కి పోతుంది. పైగా వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ అనే, వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు తయారుచేసే సాధనం మీద తయారైంది. ఎలక్ట్రాన్ లోపల ఉన్నది క్రోమియం, అంటే క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైనదే. కాబట్టి వీఎస్ కోడ్ తెరిచారంటే ఇంకో బ్రౌజర్ తెరిచినట్టే. పక్కన పది ట్యాబులు, వాటిలో ఒకదాంట్లో పాఠం వీడియో నడుస్తుంటే ల్యాప్‌టాప్ నత్తనడక నడవక ఏం చేస్తుంది?

మీరు నేర్చుకోబోయేది పైథాన్ కాబట్టి వీఎస్ కోడ్ కూడా ఇప్పుడే వద్దంటాను. థానీతో మొదలుపెట్టండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే పుట్టిన ఉచిత ఎడిటర్ ఇది. పైథాన్ దీంతోపాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. తెరవగానే పైన కోడ్ రాసే చోటు, కింద ఫలితం వచ్చే చోటు కనిపిస్తాయి. రాసి, ఎఫ్5 నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది.

నాకు థానీ అంటే ఇంత ఇష్టం ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. 1 నుంచి 5 వరకు అంకెలను కూడే చిన్న లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ రాయండి. వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నదానికి టిక్ పెట్టండి. ఇప్పుడు ఎఫ్5 బదులు కంట్రోల్ ఎఫ్5 నొక్కి, ఆ తర్వాత ఎఫ్7 నొక్కుతూ వెళ్లండి. కంప్యూటర్ ఒక్కో అడుగే వేస్తుంది. మొత్తం దాచుకునే వేరియబుల్ పక్కన విలువ 0 నుంచి 1, 3, 6, 10, 15 అని మీ కళ్ల ముందే మారుతుంది. కూడిక ఉన్న లైన్‌కి వచ్చినప్పుడు అక్కడి పేర్ల స్థానంలో వాటి విలువలు వచ్చి, మూడు ప్లస్ మూడు కాస్తా ఆరుగా మారడం కూడా కనిపిస్తుంది. లూప్ అంటే ఏమిటో అర్థం కాక టెన్షన్ పడేవాళ్లకు పుస్తకంలో రెండు పేజీలు చదివించడం కన్నా ఇది చూపించడం మేలు.

ఫంక్షన్లు, ఫైళ్లు చేతికి అలవాటయ్యాక వీఎస్ కోడ్‌కి మారొచ్చు. అప్పుడు పైథాన్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఇన్‌స్టాలర్ మొదటి తెరలోనే అడుగున ‘యాడ్ పైథాన్ టు పాత్’ అనే అర్థంలో ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టడం మర్చిపోకండి. మర్చిపోతే, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) పైథాన్ అని టైప్ చేసినప్పుడు అసలు పైథాన్ దొరకదు, విండోస్ మిమ్మల్ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి తీసుకెళ్తుంది. అన్నీ సరిగ్గానే చేశాం కదా, ఇదేంటని మీరు బుర్ర గోక్కుంటారు.

వీఎస్ కోడ్ మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది, టైప్ చేసిన అక్షరాలు ఆగి ఆగి వస్తున్నాయి. ఏం చేయాలి?

ముందు మీ ఎక్స్‌టెన్షన్ల, అంటే ఎడిటర్‌కి అదనంగా తగిలించుకున్న సదుపాయాల జాబితా చూడండి. ‘తప్పక ఉండాల్సిన ఇరవై ఎక్స్‌టెన్షన్లు’ అని ఎవరో చెబితే వరసపెట్టి పెట్టేసి ఉంటారు. నా పాత ల్యాప్‌టాప్‌లో నేనూ ఒకప్పుడు అదే చేశాను. చివరికి ఎడిటర్ ఎంత నెమ్మదించిందంటే, సెమీకోలన్ నొక్కి అది తెర మీదికి వచ్చేదాకా ఎదురుచూసేవాణ్ని. ఏది బరువవుతోందో తెలియక కమాండ్ ప్యాలెట్‌లో స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ నడిపాను. కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కితే ఆ ప్యాలెట్ వస్తుంది. బైసెక్ట్ సగం ఎక్స్‌టెన్షన్లను ఆపేసి, ఇప్పుడు బాగుందా అని అడుగుతుంది. మన జవాబును బట్టి మిగతా సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. ఇరవై ఉన్నా నాలుగైదు ప్రశ్నల్లో దొంగ దొరుకుతుంది. నా విషయంలో అది బ్రాకెట్లకు రంగులు వేసే ఎక్స్‌టెన్షన్. ఆ సదుపాయం 2021 నుంచి వీఎస్ కోడ్‌లోనే ఉంది, నేను అనవసరంగా రెండోసారి పెట్టుకున్నాను.

ఇప్పుడు నేర్చుకుంటున్న భాషకు ఒక్క ఎక్స్‌టెన్షన్ ఉంచుకుని మిగతావి డిజేబుల్ చేయండి. సెట్టింగ్స్‌లో మినీమ్యాప్ అని వెతికి, కుడివైపు కనిపించే ఆ చిన్న బొమ్మను తీసేస్తే చిన్న తెరలో కోడ్‌కి చోటు పెరుగుతుంది. హెల్ప్ మెనూలో ఓపెన్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ నొక్కితే వీఎస్ కోడ్‌లో ఏ భాగం ఎంత మెమరీ వాడుతోందో కనిపిస్తుంది. ఇంకో సంగతి: డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఎడిటర్‌లో తెరవకండి. అందులోని ఫైళ్లన్నిటినీ అది గమనిస్తూ ఉండాల్సి వస్తుంది. మీ పాఠం ఉన్న ఫోల్డర్ ఒక్కటి తెరిస్తే చాలు.

ఏఐ సూచనల గురించి కూడా చెప్పాలి. మీరు సగం లైన్ రాయగానే మిగతాది బూడిద రంగులో ముందే కనిపిస్తుంటుంది. పని చేసుకునేవాళ్లకు అది సాయమే, నేర్చుకునేవాళ్లకు మాత్రం పరీక్ష హాల్లో పక్కవాడు జవాబు చెప్పేసినట్టు ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు ఆపి ఉంచమని నా గట్టి సలహా. తప్పు రాసి, ఎర్రర్ చదివి, మీరే దిద్దుకున్న లైన్ గుర్తుండిపోతుంది.

హెచ్‌టీఎంఎల్ పేజీలో మార్పులు చేస్తున్నాను, కానీ బ్రౌజర్‌లో పాత పేజీయే వస్తోంది.

వీఎస్ కోడ్ పైన, ఫైలు పేరున్న ట్యాబును చూడండి. మూసే గుర్తు ఉండాల్సిన చోట గుండ్రటి చుక్క ఉందా? ఉంటే ఫైలు సేవ్ కాలేదన్నమాట. కంట్రోల్ ఎస్ నొక్కి, బ్రౌజర్‌లో పేజీని రిఫ్రెష్ చేయండి. ఫైల్ మెనూలో ఆటో సేవ్‌కి టిక్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

చుక్క లేకపోయినా పాతదే వస్తుంటే, మీరు ఒక ఫైలు మారుస్తూ బ్రౌజర్‌లో వేరే ఫైలు చూస్తున్నారేమో గమనించండి. నోట్‌ప్యాడ్‌లో మొదలుపెట్టిన ఫైలైతే పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ తర్వాత డాట్ టీఎక్స్‌టీ కూడా చేరి ఉండొచ్చు. విండోస్ ఆ తోకను దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే బయటపడుతుంది.

నాది 2 జీబీ ర్యామ్ ఉన్న 32 బిట్ విండోస్ ల్యాప్‌టాప్. వీఎస్ కోడ్ కొత్త వెర్షన్ పడట్లేదు.

పడదు. 32 బిట్ విండోస్‌కి 1.83 వెర్షనే చివరిది. పాత వెర్షన్ కోసం వెతకొద్దు, భద్రతా అప్‌డేట్లు రావు. 2003 నుంచి ఉన్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పెట్టుకోండి. ఉచితం, చాలా తేలిక, 32 బిట్‌కి ఇప్పటికీ దొరుకుతుంది. తేలికపాటి లైనక్స్ వేసుకునే ఓపిక ఉంటే, సీ భాష నేర్చుకోవడానికి జీనీ అనే తేలికపాటి ఎడిటర్ ఇంకా బాగుంటుంది. సీ కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చే జీసీసీ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాక ఎఫ్9తో బిల్డ్ చేసి (అంటే అలా మార్చి), ఎఫ్5తో నడపొచ్చు.

క్రోమ్‌బుక్‌లో వీఎస్ కోడ్ వస్తుందా?

వస్తుంది. సెట్టింగ్స్‌లో లైనక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అని వెతికి ఆన్ చేసుకుని, వీఎస్ కోడ్ లైనక్స్ వెర్షన్ ఇన్‌స్టాల్ చేయండి. అది స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్ అయి, వాళ్లు ఆ సదుపాయాన్ని మూసేసి ఉంటే బ్రౌజర్‌లోనే వీఎస్‌కోడ్ డాట్ డెవ్ తెరవండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రాసుకోవడానికి హాయిగా సరిపోతుంది. టెర్మినల్ మాత్రం ఉండదు.