ఇళ్ల నమూనాల నుంచి దేశాధ్యక్ష పదవికి

ప్రశ్న: ఆర్కిటెక్ట్‌గా పేరు తెచ్చుకుని, ఆపైన దేశాన్నే పాలించిన నాయకులు ఎవరైనా ఉన్నారా?

జవాబు: పెరూకు చెందిన ఫెర్నాండో బెలౌందే టెర్రీ అటువంటివారే. టెక్సాస్‌లో ఆర్కిటెక్చర్ చదివి లిమాకు తిరిగివచ్చి, 1937లో ఆ రంగానికే ఒక పత్రికను స్థాపించి, సామాన్యుల ఇళ్ల సమస్యను అందులో పదేపదే చర్చకు పెట్టిన ఆయన 1945లో పార్లమెంటుకు, 1963లో అధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు. ఆండీస్ పర్వతాలకు తూర్పున, అడవి అంచు వెంబడి పొడవైన రహదారి వేయించాలన్న పట్టుదల ఆయనను చివరిదాకా వదలలేదు. 1968 అక్టోబరులో సైన్యం ఆయనను గద్దె దించి దేశం దాటించింది. ప్రవాసంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు. 1980లో ప్రజలు ఆయననే మళ్లీ గెలిపించారు. రెండోసారి పాలనలో సాయుధ తిరుగుబాటు, అధిక ధరలు దేశాన్ని కుంగదీసిన మాట నిజమే. అయినా, సైనిక ప్రభుత్వం లాక్కున్న పత్రికలను పదవి చేపట్టగానే యజమానులకు తిరిగి అప్పగించడం, నా దృష్టిలో, ఆయన కట్టించిన ఏ భవనం కన్నా గొప్ప పని.