ఆ ఒక్క ‘ళ’ కోసం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో నిన్న రాత్రి మూడుసార్లు చూశాను. పాత సినిమా పాటకు మీ అమ్మమ్మగారి ఊరి దృశ్యాలు కూర్చి, కింద పాట అక్షరాలు వేశావు. మూడుసార్లూ రెండో చరణం దగ్గరే ఆపేశాను. గాయని ‘కళ తప్పిన ఇల్లు’ అని నాలుక మడిచి, ఎంతో స్పష్టంగా పాడింది. నువ్వు ‘కల తప్పిన ఇల్లు’ అని వేశావు. ఆ సమయంలో తెర మీద ఉన్నది తాళం వేసిన మీ అమ్మమ్మగారి ఇల్లు, ముగ్గు లేని వాకిలి. ఆ దృశ్యానికి అంతకన్నా తగిన మాట తెలుగులో లేదు. చేతిలోకి వచ్చిన ఆ మాటను జారవిడిచావు. నాకు కోపం వచ్చింది, నిద్ర కూడా పట్టలేదు.

ఈ కోపం వెనక నా తప్పు ఒకటి ఉంది. పందొమ్మిదేళ్ళ వయసులో విజయవాడలో ఒక చిన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సినిమా హాళ్ళ దగ్గర అమ్మే పాటల పుస్తకాలు అక్కడ అచ్చయ్యేవి. కథ సగం చెప్పి, ‘మిగతా కథ వెండితెర మీద చూడండి’ అని ఆపి, తర్వాత పాటలు వేసేవాళ్ళం. కవి రాతప్రతి మాకు చాలాసార్లు అందేది కాదు. యజమాని రికార్డు పెట్టి, విని రాసుకోమనేవాడు. ఒక పాటలో ‘వేళ’ను నేను ‘వేల’గా విన్నాను. మూడు వేల ప్రతులు అచ్చయ్యాయి. ఒక సాయంత్రం ఆ కవి స్వయంగా వచ్చి, పుస్తకం నా ముందు తెరిచి, ఆ మాట మీద వేలు ఆన్చి నిలబడ్డారు. ఏమీ అనలేదు. కాసేపటికి పుస్తకం మూసి వెళ్ళిపోయారు. ఆ రాత్రంతా కూర్చుని, మిగిలి ఉన్న ప్రతులను కలంతో ఒక్కొక్కటే దిద్దాను. తెల్లవారేసరికి నాలుగు వందలు అయ్యాయి. తక్కినవి అప్పటికే హాళ్ళ ముందు అమ్ముడైపోయాయి.

కాబట్టి పాటను ముందు కాగితం మీద చేత్తో రాయి. బొమ్మ చూడకుండా, కళ్ళు మూసుకుని విను. ల, ళ, న, ణ, శ, ష, స, ఒత్తు పలికిందా లేదా. అనుమానం వచ్చిన చోట ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించు. ఎక్కడో ఎవరో టైపు చేసి పెట్టిన సాహిత్యాన్ని నమ్మి తెచ్చుకోకు. ఒకరి తప్పును వందమంది అలాగే ఎత్తి రాసుకుంటున్నారు.

అందరికీ అర్థం కావడానికి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేయనా అని అడిగావు. వద్దు. ఆ లిపిలో కల, కళ ఒక్కలాగే కనిపిస్తాయి. నేను రాత్రంతా కూర్చుని దిద్దిన తేడా అక్కడ పుట్టనే పుట్టదు. నేను పాటలు రాసే రోజుల్లో ఒక పాటల సంస్థలో పెద్దాయన నాతో, కుర్రాళ్ళు తెలుగు చదవరు, మీ పాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే వేస్తాం అన్నారు. చదవనివ్వకుండా చదవరని తీర్పు చెప్పడం నాకు ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చదు. మా అమ్మ చదువు రెండో తరగతితో ఆగిపోయింది. నేను తెచ్చిన పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు అక్షరాల కింద వేలు జరుపుతూ ఉండేది. పాట ఆమెకు నోటికి వచ్చు. నోట్లో ఉన్న మాట కాగితం మీద ఎలా ఉంటుందో వెతుక్కునేది. కొన్నేళ్ళకు మా అక్క రాసిన ఉత్తరాలు ఎవరి సాయమూ లేకుండా చదువుకుంది. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడు బ్రిజ్ కొఠారి పట్టుకున్న సూత్రం కూడా ఇదే: నోటికి వచ్చిన పాటను అదే భాష అక్షరాల్లో చూస్తే చదవడం వస్తుంది. ఆయన కృషితో 2002లో దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమం చిత్రహార్‌లో హిందీ పాటల కింద హిందీ అక్షరాలే నడిచాయి. నీ వీడియో చూసేవాళ్ళలో మా అమ్మలాంటి వాళ్ళు ఉంటారు. డాలస్‌లో పెరుగుతూ, పాట వచ్చి అక్షరం రాని పిల్లలూ ఉంటారు. వాళ్ళకు కూడా తెలుగు అక్షరమే చూపించు.

ఇక విరుపు సంగతి. నువ్వు వరుసను తెర వెడల్పు చూసి విరిచావు. ‘తలుపు’ పైన, ‘తీయవా’ కింద పడ్డాయి. గాయని ఆ రెండింటినీ ఒకే ఊపిరిలో పాడింది. ఆమె ఊపిరి తీసుకున్న చోట విరువు, వరుస పొట్టిదైనా ఫరవాలేదు. అక్షరం గొంతు కన్నా ఒక్క రెప్పపాటు ముందు రావాలి. సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో మూడు నాలుగు ఫ్రేములు చాలు. అంతకు మించి ముందు రానివ్వకు. చరణం చివర కవి ఒక మాటను దాచిపెట్టుకుంటాడు. గాయని ఆ మాట దగ్గరకు చేరకముందే నువ్వు రెండు వరుసలూ ఒకేసారి పరిచేశావు, ఆయన దాచుకున్నది కాస్తా బయటపడిపోయింది. వేణువు ఒక్కటే మోగుతున్నప్పుడు కూడా పాత వరుసను తెర మీద వేలాడనిచ్చావు. అక్కడ తెర ఖాళీగా ఉండాలి. ఆలాపనకు ‘ఆ ఆ ఆ’ అని రాయనక్కరలేదు.

పాడుతున్న మాటకు రంగు మారే పద్ధతి నేర్చుకున్నావు, సంతోషం. కానీ ‘స్త్రీ’ దగ్గర రంగు ముక్కలు ముక్కలుగా పాకింది. ఆ మాట కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. నోటికి మాత్రం ఒకటే అక్షరం. యంత్రం చేసిన ముక్కలను నమ్మకుండా అక్షరం అక్షరంగా నువ్వే కలుపుకో. రామభద్ర ఖతి (ఫాంటు) శీర్షికకు బాగుంటుంది కానీ చిన్న సైజులో ఒత్తులు పూడుకుపోతాయి. మండలి ఖతి వాడి చూడు. రెండు వరుసల మధ్య ఇంకాస్త జాగా వదులు, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తగులుతున్నాయి. అక్షరాలు ఎగరడం, పగలడం, మెరవడం ఇప్పటి మోజు. అలా ఎగిరే అక్షరాన్ని చూస్తూ పాట వినడం నావల్ల కాదు.

చివర ఒక పేరు లేదు. నటీనటులవి, సంగీత దర్శకుడిది, నీది, అన్నీ వేశావు. పాట రాసినవారిది వేయలేదు. నేను రాసిన మొదటి పాట క్యాసెట్టు మీద నా పేరు లేకుండానే వచ్చింది. అడిగితే, జాగా చాలలేదండీ అన్నారు. ఆ క్యాసెట్టు అట్ట మీద సంస్థ చిహ్నం రెండుసార్లు ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. చట్టంలో ఉన్నది అట్ట మీదికి రావడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. నువ్వు వేసిన ప్రతి అక్షరమూ ఆయన రాసినదే కదా తల్లీ. మొదటి వరుస రాకముందే ఆయన పేరు వెయ్యి. మిగతావాళ్ళ పేర్ల కన్నా చిన్నదిగా కాదు.

‘ళ’ దిద్ది మళ్ళీ పంపు. చిట్టచివరి దృశ్యంలో గొళ్ళెం మీద ఒక ముసలి చేయి కనిపించి మాయమవుతుంది, ఆ చోట నువ్వు ఏ అక్షరమూ వేయలేదు. అది మీ అమ్మమ్మగారి చేయేనా?

ఇట్లు,
మీ మాస్టారు