గోడకి ఒకవైపు మేట, ఇంకోవైపు కోత ఎందుకు?

ప్రశ్న: ఒడ్డు కోసుకుపోకుండా అని బీచ్ నుంచి సముద్రంలోకి రాళ్ల గోడ వేశారండీ. దానికి ఒకపక్క బోలెడు ఇసుక చేరింది, రెండో పక్క కోత ఇంకా ఎక్కువైంది. ఇదేంటి? – ఓ పాఠకురాలు

జవాబు: మీరు చూసింది కరెక్టేనండీ. గోడ ఇసుకని పుట్టించదు, దారిన పోయేదాన్ని పట్టుకుంటుంది అంతే. ఈసారి వెళ్లినప్పుడు అల ఒడ్డెక్కే చోట ఓ చిన్న పుల్ల వేసి చూడండి, అల ఏటవాలుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం వాలు ఎటుంటే అటు తిన్నగా జారిపోతుంది, దాంతో పుల్ల వేసిన చోటికి రాదు, కాస్త పక్కకి జరిగి ఉంటుంది, ఇంకో అల వస్తే ఇంకాస్త పక్కకి. ఇసుక రేణువులు కూడా అచ్చం ఇలాగే ఏడాది పొడుగునా నడుస్తూ ఉంటాయి, అలలు విరిగే చోట ఒడ్డు వెంబడి పారే నీళ్లు ఇంకా చాలా మోసుకుపోతాయి. పోయేంత ఇసుక మళ్లీ వస్తుంటే ఒడ్డు నిలబడుతుంది. గోడ అడ్డం పడ్డాక అవతలికి రావాల్సింది రాదు, అల మాత్రం ఆగదు కదా, అక్కడున్న ఇసుకనే పట్టుకుపోతుంది.

భారత తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికి. 1870ల్లో మద్రాసు హార్బర్ గోడలు మొదలయ్యాక దక్షిణాన మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోతకి గురైంది. రెండూ ఒకే ఇసుక లెక్కలోవి.

ఒడ్డు పొడుగునా కట్టే సీవాల్ సంగతి వేరు, అది వెనకున్న రోడ్డునీ ఇళ్లనీ కాపాడుతుంది గానీ బీచ్‌ని కాదు, అల గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి గోడ అడుగున ఇసుకని తోడేస్తుంది.

కోత పడ్డ చోట ఇంకో గోడ వేస్తే సరి అంటారు చూడండి, అక్కడే నాకు బాధేస్తుంది, ఎందుకంటే కోత ఆగదు, ఆ పక్కూరికి జరుగుతుంది. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది మొగ దగ్గర 1960ల్లో గోడలు పొడిగించాక ఉత్తరాన కిర్రా బీచ్ బాగా దెబ్బతింది. అక్కడ ఒడ్డు వెంట ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుక నడుస్తుంది మరి. 2001 నుంచి ఆ ఇసుకని పంపులతో తోడి, నది కింద వేసిన పైపుల్లో అవతలి ఒడ్డుకి చేరుస్తున్నారు. పంపులు ఆపితే మళ్లీ మొదటికే.

కాబట్టి మీరు ఆ గోడ కట్టినవాళ్లని ఇది అడగండి: ఇవతల ఆగిన ఇసుకని అవతలికి ఎవరు చేరుస్తారు, ఎన్నేళ్లు చేరుస్తారు?