‘డిలీట్ ఆల్’ నొక్కేశాక మళ్లీ కొన్ని ఫొటోలు తీశాను, పాతవి వెనక్కి వస్తాయా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: 64 జీబీ ఎస్‌డీ కార్డు. రా (సెన్సర్ పట్టిన డేటా ఉన్నదున్నట్టు ఉండే ఫైల్), జేపీజీ రెండూ కలిపి తీశారు. కెమెరాలో ‘డిలీట్ ఆల్’ నొక్కి, చూసుకోకుండా ఇంకో పదిహేను ఫొటోలు తీశారు. రెకూవా (డిలీట్ అయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్) పెట్టి వెతికితే పాత ఫైళ్లు ఆకుపచ్చ గుర్తుతోనే కనిపించాయి, తెరిస్తే మాత్రం కొన్ని సగం బూడిద రంగులో ఉన్నాయి.

చాలావరకు వస్తాయి, అన్నీ రావు. ఏవి రావో ఆ పదిహేను ఫొటోలు ఇప్పటికే తేల్చేశాయి. ఇక మీ చేతిలో ఉన్నదల్లా నష్టం అక్కడితో ఆగేలా చూసుకోవడం. అందుకే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదనే చర్చ కాసేపు పక్కన పెట్టి, ముందు కార్డు కెమెరాలోంచి తీసేయండి. లేబుల్ మీవైపు, కోసినట్టుండే మూల పైన ఉండేలా పట్టుకుంటే ఎడమ అంచున చిన్న లాక్ ఉంటుంది. దాన్ని కిందికి జరపండి. మైక్రో ఎస్‌డీకి ఈ లాక్ ఉండదు, దాని అడాప్టర్‌కి ఉంటుంది. ఒక మాట: ఈ లాక్ కార్డు లోపల ఏదీ ఆపదు. కార్డు రీడర్ దాన్ని చూసి, రాయకుండా తానే ఆగాలి. పట్టించుకోని చవక రీడర్లూ ఉన్నాయి. అయినా వెయ్యండి. ముఖ్యంగా మ్యాక్ వాడేవాళ్లు. మ్యాక్‌లో కార్డు పెట్టగానే మనం ఏమీ చెయ్యకుండానే స్పాట్‌లైట్ (మ్యాక్‌లో వెతికే సదుపాయం) వగైరా దాచిన ఫోల్డర్లు కార్డు మీద పడతాయి.

కార్డు లోపల జరిగింది ఇది. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్‌సిస్టమ్‌లో, అంటే ఫైళ్లని కార్డులో అమర్చే పద్ధతిలో ఉంటాయి. అందులో డిలీట్ చేస్తే ఫొటో చెరిగిపోదు. ఫైల్ పేరున్న ఎంట్రీలో ‘వాడుకలో ఉంది’ అనే ఒక్క బిట్ మారుతుంది, ఆ జాగా ఖాళీ అని పట్టికలో గుర్తు పడుతుంది, అంతే. పేరు, సైజు, ఎక్కడ మొదలైందన్న సంగతి అలాగే మిగులుతాయి. 32 జీబీ, అంతకంటే చిన్న కార్డుల్లో వాడే ఫ్యాట్32లో అయితే పేరులో మొదటి అక్షరం పోతుంది, ఫైల్ ఏయే ముక్కల్లో ఉందో చెప్పే గొలుసు కూడా చెరిగిపోతుంది. పేర్ల ముందు అండర్‌స్కోరో ప్రశ్నార్థకమో కనిపించేది అందుకే. పేరు అలా వచ్చినంత మాత్రాన ఫొటో పాడైనట్టు కాదు.

కెమెరాని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ప్రయత్నించకండి. అలా కలిపితే చాలా కెమెరాలు డ్రైవ్‌లా కనిపించవు, రికవరీ సాఫ్ట్‌వేర్‌కి లోపలి సెక్టార్లు (డేటా నిలవుండే చిన్న చిన్న గళ్లు) అందవు. కార్డు రీడర్ కావాల్సిందే. రీడర్‌లో పెట్టగానే విండోస్ ‘ఫార్మాట్ చెయ్యాలి’ అనో ‘స్కాన్ అండ్ ఫిక్స్’ అనో అడిగితే రెండింటికీ వద్దనండి. చెక్‌డిస్క్ కూడా నడపొద్దు. అది ఫైల్ పట్టికల్ని తనకు తోచినట్టు సరిదిద్ది కార్డు మీదే రాస్తుంది. సోనీ కెమెరాల మెనూలో ‘రికవర్ ఇమేజ్ డేటాబేస్’ అని ఒకటుంటుంది. పేరు చూసి ఆశపడకండి, అది కెమెరా వాడుకునే జాబితాని మళ్లీ కడుతుందే గానీ డిలీట్ చేసినవి తేదు, పైగా కార్డు మీద రాస్తుంది.

ఇప్పుడు అసలు పని. కార్డు మీద నేరుగా వెతక్కుండా, ముందు దాని ఇమేజ్ తీసుకోండి. అంటే ఖాళీ జాగాతో సహా ప్రతి సెక్టారునీ ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైల్‌గా కాపీ చెయ్యడం. తర్వాత ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి చూసినా కార్డు జోలికి వెళ్లక్కర్లేదు. 64 జీబీ కార్డుకి 64 జీబీ ఇమేజ్ అవుతుంది, బయటికి తీసిన ఫొటోలకి ఇంకో అంత పెట్టుకోండి, కాబట్టి డిస్కులో 130 జీబీ దాకా ఖాళీ ఉండాలి. ఆ డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. సెకనుకి 90 ఎంబీ చదివే యూఎస్‌బీ 3 రీడర్‌లో పన్నెండు నిమిషాల పని, 20 ఎంబీ చదివే పాత రీడర్‌లో గంటకి కాస్త తక్కువ.

విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ చాలు. ఫైల్ పేరు పెట్టెలో కొత్త పేరు ఇచ్చి, కార్డు డ్రైవ్ అక్షరం ఎంచుకుని, ‘రీడ్’ నొక్కండి. దాని పక్కనే ‘రైట్’ ఉంటుంది. అది నొక్కితే ఇమేజ్ ఫైల్‌లో ఉన్నది కార్డు మీదికి వెళ్తుంది, ఇక వెతకడానికి ఏమీ మిగలదు. ఆ రెండు బటన్లూ పక్కపక్కన పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, నొక్కే ముందు రెండోసారి చూసుకోండి. మధ్యలో రీడ్ ఎర్రర్ వచ్చి ఆగిపోతే కార్డే బలహీనపడుతోందని అర్థం. అప్పుడు లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడాలి. అది చదవలేని చోట్లని దాటేసి ముందుకెళ్లి, మిగతాదంతా తీసుకున్నాక వాటి దగ్గరికి తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మీ విషయంలో మొదటి వంతు పేర్లతో సహా తెచ్చే సాఫ్ట్‌వేర్‌ది. రెకూవా ఇమేజ్ ఫైల్‌ని నేరుగా తెరవదు. ఓఎస్‌ఎఫ్‌మౌంట్‌తో ఆ ఇమేజ్‌ని రీడ్ ఓన్లీ డ్రైవ్‌గా తగిలించి దాని మీద నడపండి. డీఎండీఈ అనే ఇంకో రికవరీ సాఫ్ట్‌వేర్ అయితే నేరుగానే తెరుస్తుంది. రెకూవా చూపే ఆకుపచ్చని గుడ్డిగా నమ్మకండి. ఆ జాగాలో ఇప్పుడు ఉన్న వేరే ఫైల్ ఏదీ లేదన్నంతవరకే దాని అర్థం. పైన ఇంకో ఫొటో పడి, ఆ ఫొటో కూడా డిలీట్ అయిపోతే లోపల పాడైనా గుర్తు ఆకుపచ్చే.

రెండో వంతు ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఇది ఫైల్ పట్టికల్ని నమ్ముకోదు, ఖాళీ జాగాలో ఫొటో మొదట్లో ఉండే గుర్తు బైట్లని పట్టుకుని తీస్తుంది. బొమ్మల ఇంటర్‌ఫేస్ కావాలంటే దానితోనే వచ్చే క్యూఫోటోరెక్ తెరిచి, ‘యాడ్ ఎ రా డిస్క్ ఇమేజ్’ దగ్గర మీ ఇమేజ్ ఇవ్వండి. ఫైల్‌సిస్టమ్ దగ్గర ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్న వరస ఎంచుకోండి. కేవలం డిలీట్ అయితే ‘ఫ్రీ’ (ఖాళీ జాగా), ఫార్మాట్ చేసి ఉంటే ‘హోల్’ (మొత్తం). ఫైల్ ఫార్మాట్లలో అన్నీ తీసేసి మీకు కావాల్సినవే టిక్ పెట్టండి, లేకపోతే వేల కొద్దీ చెత్త ఫైళ్లు వస్తాయి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు: నికాన్ రా ఫైళ్లు (ఎన్‌ఈఎఫ్), కెనాన్ రా ఫైళ్లు (సీఆర్2) టిఫ్ అనే వరసలో ఉంటాయి. కెనాన్ కొత్త సీఆర్3 మూవ్ వరసలో ఉంటుంది, ఎందుకంటే దాని నిర్మాణం వీడియో ఫైల్ లాంటిది.

ఫోటోరెక్‌తో వచ్చినవాటికి పాత పేర్లుండవు. ఎఫ్ అక్షరం, ఆ పక్కన సెక్టార్ నంబరు. 500 ఫైళ్లకో ఫోల్డర్ మారుతుంది. ఎగ్జిఫ్‌టూల్ (ఫొటో ఫైల్ లోపలి వివరాలు చదివే సాఫ్ట్‌వేర్) వాడి, ఫొటో తీసిన తేదీ, సమయం ప్రకారం పేర్లు మార్చుకుంటే వరస కుదురుతుంది. టీ అక్షరంతో మొదలయ్యేవి ఫొటో లోపల దాగిన థంబ్‌నెయిళ్లు (చిన్న నమూనా బొమ్మలు), సాధారణంగా 160 x 120 పిక్సెళ్లవి. లెక్క పెట్టేటప్పుడు వాటిని కలుపుకోకండి.

ఇక ఆ సగం బూడిద ఫొటోల సంగతి. 64 జీబీ కార్డులో క్లస్టర్ (ఫైల్‌కి జాగా ఇచ్చే కనీస ముక్క) సాధారణంగా 128 కేబీ. 8 ఎంబీ జేపీజీ అంటే 64 క్లస్టర్లు. జేపీజీని పైనుంచి కిందికి విప్పుతూ పోతారు కాబట్టి మధ్యలో ఒక్క క్లస్టర్ పోయినా అక్కడినుంచి కింద అంతా చెడుతుంది. చెడిన భాగాన్ని పెద్దది చేసి చూడండి. అక్కడ రంగులు తప్పి, పక్కకి జరిగి, ఇంకో ఫొటో ముక్క కనిపిస్తుంటే అది ఎప్పటిదో గుర్తుపట్టండి. తర్వాత తీసిన పదిహేనిట్లో ఒకటైతే పాతది చెరిగిపోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. డిలీట్ అయిన పాత ఫొటోల్లోదే ఇంకొకటైతే మాత్రం ఆశ ఉంది. ఫైల్ ముక్కలుగా పడి ఉంది, సాఫ్ట్‌వేర్ వరసగా ఉందనుకుని పక్కదాన్ని అతికించింది. మధ్యమధ్యలో ఒకటీ అరా డిలీట్ చేస్తూ వాడిన కార్డుల్లో ఇలా జరుగుతుంది. అలాంటివాటికి డీఎండీఈ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌తో అదే ఇమేజ్ మీద మళ్లీ ప్రయత్నించడం వృథా కాదు.

మీకున్న పెద్ద అదృష్టం రా, జేపీజీ రెండూ తీసి ఉండటం. ఒకే ఫొటో కార్డులో రెండు చోట్ల ఉంది. జేపీజీ చెడితే అదే నంబరు రా ఫైల్ చూడండి. రా ఫైల్ చెడినా దాని లోపల ప్రివ్యూ జేపీజీ ఒకటి ఉంటుంది, అది కొన్ని కెమెరాల్లో పూర్తి సైజు, కొన్నింటిలో చిన్నది. ఎగ్జిఫ్‌టూల్ దాన్ని బయటికి తీస్తుంది.

ఫార్మాట్ చేసినవాళ్ల కోసం ఒక్క మాట. కెమెరాలో మామూలు ఫార్మాట్ పట్టికల్నే తుడుస్తుంది, ఫొటోలు మిగులుతాయి. కెనాన్‌లో ‘లో లెవెల్ ఫార్మాట్’ టిక్ పెట్టి చేస్తే, లేదా కంప్యూటర్‌లో వాడే ఎస్‌డీ ఫార్మాటర్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఓవర్‌రైట్’ ఎంచుకుంటే ఇక ఆశ వదులుకోవడమే. అనుమానముంటే ఇమేజ్‌ని హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని అంకెలుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి మధ్యలో నాలుగైదు చోట్ల చూడండి. ఎక్కడ చూసినా సున్నాలే ఉంటే డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనకండి.

కొనేముందు చూడాల్సింది ఇంకోటి: ఉచిత ప్రివ్యూలో ఫొటో పూర్తి సైజులో కింది అంచు దాకా తెరుచుకోవాలి. చిన్న బొమ్మ కనిపించడం లెక్కలోకి రాదు, అది థంబ్‌నెయిల్ కావచ్చు. కార్డు అసలు గుర్తించడమే లేదు, లేక సైజు సున్నా చూపిస్తోంది అంటే అది కంట్రోలర్ (కార్డు లోపల చదవడం, రాయడం నడిపించే భాగం) సమస్య. ఆ పని చిప్ నుంచి నేరుగా చదవగలిగే ల్యాబ్‌ది. పదేపదే పెట్టి తీయకుండా వాళ్లకి ఇచ్చెయ్యండి.

మీ కార్డు విషయంలో, వచ్చిన ఫొటోలన్నీ ఒక్కొక్కటీ పూర్తి సైజులో తెరిచి చూసి, రెండో డిస్కులోకి కాపీ చేశాకే దాన్ని కెమెరాలో ఫార్మాట్ చేసి వాడుకోండి. ఇమేజ్ ఫైల్‌ని మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచండి.