మొదటి రీసెర్చ్ పేపర్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ రాత్రి రెండుసార్లు చదివాను. మర్రిగూడ మండలంలో ఎండకు ఊరూరా తిరిగి బోరు నీళ్లు పట్టుకొచ్చావు, ఆ కష్టం నాకు తెలుసు, కానీ పేపర్‌లో అది ఎక్కడా కనపడలేదు. మొదటి రెండు పేజీలూ నీరు ప్రాణాధారం, ఫ్లోరైడ్ మహమ్మారి అంటూనే నడిచాయి. అవి తీసెయ్.

ముందు నీ నోటుబుక్కు తెరువు. ఏ ఊరి బోరు, ఎంత లోతు, ఏ తారీఖు, వానలకు ముందా తర్వాతా, మోటరు ఎంతసేపు నడిపాక సీసా పట్టావు, సీసా ప్లాస్టిక్‌దేనా (ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు), ఏ పద్ధతిలో కొలిచావు, ఇదంతా రాస్తే మెథడ్స్ (పని ఎలా చేశావో చెప్పే భాగం) అయిపోయినట్టే. నా మొదటి పేపర్ వెనక్కొచ్చింది ఇక్కడే. శాంపిల్స్ ఏ నెలలో తీశారని జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే రివ్యూయర్ అడిగారు, నేను రాసిపెట్టుకోలేదు. రెండేళ్ల పని పోయింది, ఆ బాధ నీకు రావొద్దు.

తర్వాత టేబుళ్లు, రిజల్ట్స్. ఇంట్రడక్షన్ ఆ పైన, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) అన్నిటికన్నా చివర.

ప్రశ్న ఒక్కటే పెట్టుకో. "నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య" అనేది ప్రశ్న కాదు. ఒకే ఊళ్లో చెరువు కింది బోర్లకూ గుట్ట పక్క బోర్లకూ తేడా ఉందా అని అడుగు, దానికి జవాబు నీ సీసాల్లోనే ఉంది. "ఫ్లోరైడ్ ఎక్కువ" అని ఏడుచోట్ల రాశావు, ఎంతకన్నా ఎక్కువ? బీఐఎస్ (దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ) తాగునీటి లెక్కలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు పర్వాలేదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఏది పట్టుకున్నావో చెప్పు.

ఇంకొకటి, ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఫ్లోరైడ్ జబ్బు మీద 1937లో షార్ట్ అనే ఆయన, తోటివాళ్లు రాసిన పేపర్‌ను నల్లగొండ మీద వచ్చిన మొదటి పేపర్ అన్నావు. దాని పేరులోనే మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది, అప్పుడు మనది నిజాం రాజ్యం! ఎవరో రాసింది చూసి నువ్వూ రాశావు కదా? చదవని పేపర్‌ను రిఫరెన్సుల్లో పెట్టకు. దొరకకపోతే లైబ్రరీలో అడుగు, అప్పటికీ దొరకకపోతే వదిలెయ్.

పైసలు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్ల జోలికి పోకు.

మెథడ్స్ ఒక్కటీ రాసి పంపు చాలు. ఆదివారం నేను నల్లగొండలోనే ఉంటా, నోటుబుక్కు పట్టుకుని రా. బోరు లోతుల కాలమ్‌లో నాలుగు ఖాళీలున్నాయి, ఆ రైతులకు ఫోన్ చేసి అడుగుదాం.

మీ అన్న