అద్దంలో కనపడని మంట: రోజేషియాతో నా తొమ్మిదేళ్ళ కాపురం

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయానండీ. మూడేళ్ళు మొటిమల మందు వాడినా తగ్గలేదు. ఇప్పుడు కొత్త డాక్టరు రోజేషియా అన్నారు, అంటే ముఖం మాటిమాటికీ ఎర్రబడి మండే చర్మరోగం. జీవితాంతం ఉంటుందట. మీది చామనఛాయ కాబట్టి ఎరుపు పెద్దగా కనపడదు, దాంతో ఇంట్లోవాళ్ళు "బాగానే ఉన్నావుగా, ఏం మంట?" అంటున్నారు. మధ్యమధ్య మెడికల్ షాపులో ఇచ్చిన ఓ క్రీము రాస్తే మాత్రం హాయిగా ఉంటోంది. ఇదే కదా మీరు రాసింది? ఆ ఆఖరి మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. పల్నాడు వైపు ఓ హైస్కూల్లో లెక్కల మాస్టారిని, ఉండేది గుంటూరు. ముప్పై అయిదో ఏట మొదలైంది నాకు. రోజూ మధ్యాహ్నం నాలుగో పీరియడ్‌కల్లా బుగ్గలు, ముక్కు, గడ్డం పెనం మీద పెట్టినట్టు కాలేవి. అద్దంలో చూస్తే ఎరుపేం లేదు, కాస్త నలుపెక్కినట్టుండేది, అంతే. పిల్లలకి మాత్రం ఏదో తెలిసేది. "సార్‌కి కోపమొచ్చిందిరా" అని ముందు బెంచీలో గుసగుసలు. ఆ ఏడాది నా క్లాసు ఉన్నంత క్రమశిక్షణగా మళ్ళీ ఎప్పుడూ లేదు, అది వేరే సంగతి.

నవ్వుకోలేని సంగతి ఇంకోటుంది. ఓ పిల్లాడి నాన్న ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికొచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గరికి జరిగి, మెల్లిగా ఓసారి గాలి పీల్చాడు. తాగొచ్చానా అని వాసన చూశాడన్నమాట. జీవితంలో బీరు కూడా ముట్టని వాణ్ణి. ముక్కు, బుగ్గలు అలా తేలితే తాగుడే అనుకోవడం మనవాళ్ళకే కాదు, చాలా దేశాల్లోనూ ఉంది. మందు తాగితే రోజేషియా ఎక్కువవడం చాలామందిలో నిజమే. కానీ చుక్క ముట్టనివాళ్ళకీ వస్తుంది, ఆ మాట ఎవరికని చెప్తాం?

ఆ వారమే సాయంత్రం మెడికల్ షాపుకెళ్ళి "ముఖం మీద ఎలర్జీ" అన్నాను. ఓ చిన్న ట్యూబు ఇచ్చాడు. మూడు రోజుల్లో మంట మాయం, బుగ్గలు నున్నగా. ఎంత సంతోషమంటే, అదే సమస్య ఉన్న తోటి మాస్టారికి కూడా కొనిచ్చాను, పాపం. ఏడెనిమిది నెలలు రాశాను. రాయని రోజు ముఖం రెట్టింపు మండేది, మళ్ళీ రాస్తే చల్లబడేది. మందు పనిచేస్తోందనుకున్నాను. నిజానికి రోగాన్ని పెంచుతున్నదే ఆ మందు. అది స్టెరాయిడ్. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, రోజేషియా లేనివాళ్ళకి కూడా అచ్చం అలాంటిదే తెచ్చిపెడుతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే స్టెరాయిడ్ పూతతో పాడైన ముఖానికి ఇక్కడి చర్మ డాక్టర్లు ప్రత్యేకంగా ఓ పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చింది. చీటీ అడిగిన షాపు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికెళ్తే ఆవిడ చేసిన పని నాకిప్పటికీ గుర్తు. ఓ చిన్న గాజు పలక తీసి బుగ్గ మీద అదిమిపెట్టారు. ఫోన్లో ఫొటో తీసి చూపించారు. అదిమినచోట రంగు తేలిపోయి ఉంది. పలక తియ్యగానే ఎరుపు మళ్ళీ పాకుతూ వచ్చేసింది. నలుపనుకుంటున్న దాని కింద అంత ఎరుపు దాక్కుని ఉందని అప్పటిదాకా నాకే తెలీదు. "మొటిమలైతే ఎక్కడో ఓచోట బ్లాక్‌హెడ్స్ ఉంటాయి, మీకు ఒక్కటీ లేదు" అన్నారు. ముక్కు పక్క నుంచి పెదవి చివరకి దిగే మడతలు కూడా పరీక్షగా చూసి, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) కాదని తేల్చుకోవడానికి ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాశారు. లూపస్ ఎరుపు సాధారణంగా ఆ మడతల్ని వదిలేస్తుందట. మీకు కీళ్ళనొప్పులు, నోట్లో పుళ్ళు, నీరసం లాంటివుంటే ఆ పరీక్ష గురించి మీ డాక్టర్ని అడగండి.

పోతూ పోతూ ఆవిడ ఓ మాట అన్నారు: "అద్దం చూసుకోకండి మాస్టారూ, వేడి చూసుకోండి." తొమ్మిదేళ్ళలో నాకు బాగా పనికొచ్చిన సలహా ఇదే. రోజేషియా గురించి చదివేదంతా తెల్లతోలు వాళ్ళ ఫొటోలతో ఉంటుంది. మన రంగులో ఎరుపు ఆలస్యంగా కనపడుతుంది, కొన్నిసార్లు అసలు కనపడదు. మంట, పొడుచుకున్నట్టుండటం, బిగదీసినట్టుండటం ముందొస్తాయి. మీ ఇంట్లోవాళ్ళు నమ్మకపోవడానికి కారణం అదే. వాళ్ళకి అద్దం చూపించి లాభం లేదు. మంటగా ఉన్నప్పుడు వాళ్ళ చేతి వెనక భాగాన్ని మీ బుగ్గ మీద పెట్టి, తర్వాత మెడ మీద పెట్టమనండి. మా ఆవిడ అలా చూశాకే "అమ్మో, జ్వరంలా ఉందే" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈ విషయం మీద వాదన లేదు.

లెక్కల మాస్టారిని కదా, ఓ పాత నోటుపుస్తకం తీసుకుని మంటకి మార్కులు వేయడం మొదలుపెట్టాను. సున్నా నుంచి మూడు దాకా. పక్కన అంతకుముందు గంటలో ఏం తిన్నాను, ఎక్కడున్నాను, ఏం చేశాను. రెండు నెలలు రాసేసరికి సగం సలహాలు చెత్తబుట్టలోకి పోయాయి. చుట్టాలు మానిపించిన వంకాయకీ, గుడ్డుకీ నా మంటతో ఏ సంబంధమూ లేదు, ఆర్నెల్లు ఊరికే నోరు కట్టుకున్నాను. సబ్జా నీళ్ళు, మజ్జిగ "వేడి తగ్గిస్తాయి" అన్నారు. నష్టమేం లేదు కానీ రోగం మీద పనిచేసిన గుర్తు లేదు. మంట లేచినప్పుడు చల్లటి మజ్జిగ నెమ్మదిగా తాగితే మాత్రం తొందరగా దిగేది. నిమ్మరసం, పసుపు, శెనగపిండి రుద్దుడు, వేపాకు ముద్ద... వీటి పక్కన వరసగా మూడు మార్కులే. నిమ్మరసం రాసిన రోజు మంటకైతే మూడు చాలక నాలుగు మార్కులు వేయాలి.

మూడు మార్కులు తెచ్చినవి చెప్తాను. మొదటిది కారం మిల్లు. వేసవిలో కారం పట్టించడానికి మిరపకాయల మూట పట్టుకెళ్ళి, మిల్లులో అరగంట నిలబడ్డాను. ఇంటికొచ్చాక రెండు రోజులు ముఖం మీద గాలి కూడా తగలనివ్వలేదు. గుంటూరు వాడికి మిరపకాయ పడదంటే నవ్వుతారు కానీ కారణం ఉంది. మిరపలోని ఘాటూ, నిజమైన వేడీ మన నరాల్లో ఒకే తలుపు తడతాయి. ఆ తలుపు కనిపెట్టిన శాస్త్రవేత్తకి 2021లో నోబెల్ కూడా వచ్చింది. అంటే కారం తింటే ఒంటికి నిప్పు దగ్గర కూర్చున్నట్టే అనిపిస్తుందన్నమాట. అలాగని ఆవకాయ మానలేదు, మానితే బతకడం దేనికి? పొగలు కక్కే అన్నంలో కాకుండా పెరుగన్నంలో నంజుకుంటున్నాను. వేడీ, కారమూ రెండూ కలిస్తే మూడు, విడివిడిగా అయితే ఒకటి. ఇది నా లెక్క, మీది వేరుగా ఉండొచ్చు. మిల్లుకి ఇప్పుడు మా బావమరిది వెళ్తున్నాడు.

రెండోది టీ. మానేయమంటారని భయపడ్డాను. తీరా చూస్తే తప్పు టీది కాదు, వేడిది. 1981లోనే చేసి చూశారు: కాఫీలో ముఖం ఎర్రబడటానికి కారణం కెఫీన్ కాదు, కాఫీ వేడి. 2018లో అమెరికా నర్సుల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలోనైతే కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో రోజేషియా తక్కువగా కనపడింది. అందుకని మా నాన్న పద్ధతికి వచ్చేశాను, సాసర్లో పోసుకుని, ఆరాక తాగడం.

మూడోది హెల్మెట్. పన్నెండు కిలోమీటర్లు బండి మీద, అద్దం దించుకుని, ఏప్రిల్ ఎండలో. లోపల ముఖం ఆవిరికి ఉడికే ఇడ్లీలా ఉండేది. ఇప్పుడు అరగంట ముందు బయలుదేరుతున్నాను, ఊరు దాటి వాహనాలు తగ్గాక నీడ చూసుకుని ఓసారి ఆగి, తడి రుమాలుతో అద్దుకుంటాను. ఐసుముక్క నేరుగా పెట్టకండి, అది ఇంకో మంట. వేణ్ణీళ్ళ స్నానం, మంట పొయ్యి ముందు వంగి పోపు పెట్టడం, స్టాఫ్ రూములో రాజకీయాల మీద వాదన, ఇవన్నీ రెండు మార్కులవి. వాదన మానడమే కష్టం.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీకేది పడుతుందో మీ డాక్టరే చెప్పాలి. నాకు మొదట స్టెరాయిడ్ మాన్పించి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళలు ఇచ్చారు. సూక్ష్మజీవుల్ని చంపడానికి కాదు, లోపలి వాపుని అణచడానికి. గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. నేను ఓ రాత్రి గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుని, గుండెల్లో ముల్లు దిగినట్టు రెండు రోజులు బాధపడ్డాను. గర్భంతో ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు, ముందే చెప్పండి. స్టెరాయిడ్ మానిన మొదటి మూడు వారాలు నరకం, దాచడం దేనికి? ముఖం వాచి, చీము పొక్కులు లేచి, సెలవు పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత దిగడం మొదలైంది.

పూతల్లో మెట్రోనిడజోల్ జెల్, అజెలాయిక్ యాసిడ్, ఐవర్మెక్టిన్ క్రీము, మూడూ వాడాను. అజెలాయిక్ మొదట్లో చురుక్కుమంటుంది కానీ మన రంగువాళ్ళకి ఓ లాభం ఉంది, పొక్కులు పోయాక మిగిలే నల్ల మచ్చల్ని కూడా పలచబరుస్తుంది. ఐవర్మెక్టిన్ ఎందుకంటే, చర్మరంధ్రాల్లో డెమోడెక్స్ అనే ఎనిమిది కాళ్ళ పురుగు ఉంటుంది, కంటికి కనపడదు. పెద్దయ్యాక దాదాపు అందరి ముఖాల మీదా ఉండేదే, రోజేషియా ఉన్నవాళ్ళ మీద వాటి జనాభా ఎక్కువ. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి, మా అమ్మ నా తువ్వాలు వేరే పెట్టింది. ఏది రాసినా ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. స్టెరాయిడ్ మూడు రోజుల్లో మాయ చేస్తుంది కాబట్టి అసలు మందు పనిచేయట్లేదని వదిలేయడం మనందరం చేసే పొరపాటే.

ఎండ క్రీము జింక్ ఆక్సైడ్ ఉన్నది మంట పెట్టదు. కానీ రాసుకుని బడికెళ్తే విభూతి పూసుకున్నట్టుంది, పిల్లలు "సార్ గుడికెళ్ళొచ్చారా?" అన్నారు. ఇప్పుడు లేత గోధుమరంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి కలిసిపోతాయి. ఒంటిసబ్బు ముఖానికి మానేశాను. గడ్డానికి బ్లేడు బదులు ట్రిమ్మరు. మంగలి షాపులో పటిక రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. పార్లర్లలో ఆవిరి పట్టి, రుద్ది చేసే ఫేషియళ్ళకి మీరూ దణ్ణం పెట్టేయండి. ముక్కు పక్కన తేలిన రక్తనాళాలకి లేజర్ ఉందన్నారు. మన రంగు చర్మానికి నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది, బాగా చేయి తిరిగినవాళ్ళు చేయాలన్నారు. నేనింకా చేయించుకోలేదు.

కళ్ళు. ఇది మీరు అడగలేదు కానీ చెప్పాలి. రెండేళ్ళు కళ్ళల్లో ఇసుక పోసినట్టుండి, మాటిమాటికీ కురుపులు లేస్తుంటే సుద్దముక్కల పొడి అనుకున్నాను. కంటి డాక్టరు రెప్పలు తిప్పి చూసి, ఇది కూడా రోజేషియానే అన్నారు. గోరువెచ్చటి గుడ్డ రెప్పల మీద అయిదు నిమిషాలు పెట్టి మెల్లిగా శుభ్రం చేసుకుంటున్నాను. బుగ్గలకి చల్లదనం, రెప్పలకి వెచ్చదనం, ఒకే ముఖం మీద రెండు వాతావరణాలు. వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా వెళ్ళండి.

జీవితాంతం ఉంటుందా అన్నారు. ఉంటుంది. కానీ నా నోటుపుస్తకంలో ఇప్పుడు వారాల తరబడి సున్నాలే. ఏడాదికి మూడు నాలుగుసార్లు లేస్తుంది, ఎందుకు లేచిందో నాకు తెలుస్తుంది, వారంలో దిగుతుంది.

ఇక ఆ క్రీము. ఇప్పుడే లేచి ట్యూబు తీసుకుని వెనక సన్నక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడే. తెల్లబడటానికని అమ్మే మూడు మందుల కలగలుపు ట్యూబుల్లో కూడా ఉంటుంది. ఉంటే పారేయకండి, ఇంట్లో మిగిలిన పాత ట్యూబులన్నిటితో కలిపి ఓ కవర్లో వేసుకుని ఈ వారమే మీ కొత్త డాక్టరు ముందు పెట్టండి. ఎన్ని నెలలు రాశారో నిజం చెప్పండి, ఎలా మానాలో ఆ డాక్టరే చెప్తారు. నేను సిగ్గుపడి రెండు నెలలన్నాను, దాంతో మొదటి వైద్యం తప్పుదారి పట్టింది.